మాంత్రిక ద్వీపమాలను కట్టే పద్ధతి: దూరం, గాలి, మంచినీరు

కల్పిత ప్రపంచానికి ఒక ద్వీపమాల కావాలనుకున్న రచయిత సాధారణంగా తెల్లకాగితం ముందు కూర్చుని ఏడో తొమ్మిదో మచ్చలు గీసి, ఒకదానిలో అగ్నిపర్వతాన్నీ, ఒకదానిలో నాగులనూ, మరొకదానిలో పాడుబడ్డ కోటనూ పెట్టి, వాటి మధ్య మిగిలిన ఖాళీని నీలిరంగుతో నింపేస్తాడు. కథ రాయడం మొదలయ్యాక చిక్కు బయటపడుతుంది. కథానాయిక ఒక దీవి నుంచి మరో దీవికి ఒక్క వాక్యంలో చేరిపోతూ ఉంటుంది. ఆ దీవులన్నిటినీ తీసి ఒకే నేల మీద ఏడు ఊళ్ళుగా పెట్టినా కథలో ఏమీ మారదు. ఇక్కడ వివరించబోయే పద్ధతి ఆ నీలిరంగు దగ్గర మొదలవుతుంది. ద్వీపమాలను కట్టడమంటే ప్రధానంగా దీవుల మధ్య దూరాన్ని కట్టడం; మంత్రశక్తి ఆ దూరానికి చెల్లించవలసిన ధరను మార్చవచ్చు గాని, దూరాన్నే చెరిపివేయకూడదు.

మన కథకులకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. సుందరకాండలో హనుమంతుడికి నూరు యోజనాల సముద్రాన్ని దాటే శక్తి ఉన్నా, ఆ దాటడం ఒక్క శ్లోకంలో ముగియదు. విశ్రాంతి తీసుకొమ్మని నీళ్ళలోంచి లేచిన మైనాకుడు, నోరు తెరిచి దారికి అడ్డంగా నిలిచిన సురస, నీడను పట్టి కిందికి లాగిన సింహిక, ముగ్గురూ నడిసముద్రంలోనే ఎదురవుతారు. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చెట్టు తొర్రలోని చిలుకలో ఉందని చెప్పే జానపద కథలో కూడా ఆ ప్రాణానికి కాపలా కాసేది ఎక్కువగా ఆ ఏడు సముద్రాలే. పురాణాల్లోని సప్తద్వీపాల సంగతి వేరు. జంబూద్వీపం చుట్టూ ఉప్పు సముద్రం, దాని చుట్టూ ప్లక్షద్వీపం, దాని చుట్టూ చెరకురసపు సముద్రం, ఇలా ఒక్కొక్క ద్వీపం ముందుదానికి రెట్టింపు విస్తీర్ణంతో చివరి మంచినీటి సముద్రం వరకు సాగే ఆ ఏర్పాటు విశ్వచిత్రంగా మహాద్భుతమైనది. కాని మనుషులు పడవల్లో తిరిగే కథకు అది నమూనాగా పనికిరాదని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ ఏ ద్వీపవాసికీ పక్క ద్వీపంతో బేరం పెట్టుకోవలసిన అవసరం లేదు.

దీవులు ఒక వరుసలో ఎందుకు ఉన్నాయి

పటం గీయడానికి ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. నది తెచ్చిన ఇసుకతో ఏర్పడిన దీవులు ఒక రకం. గోదావరి పాయల మధ్య కోనసీమ లంకలు, కాకినాడకు ఎదురుగా తుపాను అలలకు అడ్డుకట్టలా నిలిచిన హోప్ ఐలాండ్ ఇటువంటివి. వీటి తీరం వరద వచ్చినప్పుడల్లా మారుతుంది, తాతగారి పొలం మనవడి కాలానికి నదిలో ఉంటుంది. లక్షద్వీప్, మాల్దీవుల వంటి పగడపు దీవులు మరో రకం; సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తుకు మించని ఆ నేల మీద కొండ గాని, నది గాని ఉండవు. మూడో రకం అగ్నిపర్వతాలు పుట్టించినవి. మనకు దగ్గరలో అండమాన్‌లోని బారెన్ ఐలాండ్ చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్ళీ మేల్కొన్నది.

ద్వీపమాల కట్టదలచినవారికి వీటన్నిటిలోనూ హవాయి మంచి పాఠం చెబుతుంది, ఎందుకంటే అక్కడ దీవుల వరుసే వాటి వయసుల వరుస. భూమి లోపల ఒకచోట శిలాద్రవం పైకి తన్నుకు వస్తూ ఉంటే, దాని మీదుగా పసిఫిక్ ఫలకం అనే సముద్రపు అడుగు రాతిపలక ఏడాదికి సుమారు 7 నుంచి 10 సెంటీమీటర్ల చొప్పున వాయవ్యానికి జరుగుతూ ఉంటుంది. అందువల్ల ఆగ్నేయపు కొసన ఉన్న పెద్ద దీవి ఇంకా లావా కక్కుతూ పెరుగుతూనే ఉంది. వాయవ్యంగా ఉన్న కవాయి వయసు సుమారు 50 లక్షల సంవత్సరాలు. ఇంకా దూరాన ఉన్న మిడ్‌వే సుమారు 2 కోట్ల 80 లక్షల సంవత్సరాల కిందట పుట్టి, కొండంతా కుంగిపోయాక ఇప్పుడు నీటిమట్టాన పగడపు వలయంగా మిగిలింది. పర్వతం కుంగుతూ ఉంటే దాని అంచున పగడాలు పైకి పెరుగుతూ పోయి చివరికి వలయం మాత్రమే మిగులుతుందని డార్విన్ 1842లో ప్రతిపాదించాడు. పెద్ద దీవికి ఆగ్నేయంగా, ఇంకా నీటిపైకి తల ఎత్తని మరో అగ్నిపర్వతం సుమారు ఒక కిలోమీటరు లోతున పెరుగుతూ ఉంది. పుట్టబోయే బిడ్డ నుంచి ప్రాణం పోయిన ముసలి వరకు ఒక వంశమంతా వరుసగా నిలబడి ఉన్నట్టుంటుంది.

ఈ వయసుల వరుసను కల్పనలోకి తెచ్చుకుంటే సగం పని అయిపోతుంది. కొత్త దీవిలో మట్టి ఉండదు, చెట్టు ఉండదు, నిప్పు ఉంటుంది. నడివయసు దీవిలో రాయి అరిగి మట్టి అవుతుంది, వాగులు పుడతాయి, పంట పండుతుంది. ముసలి దీవిలో కొబ్బరిచెట్లూ, చేపలూ, గవ్వలూ, ఎంతో పాత జ్ఞాపకాలూ మిగులుతాయి. ఉదాహరణగా ఈ వ్యాసం కోసం ఒక ద్వీపమాలను కల్పిస్తాను. నైరుతి కొసన పుట్టిన చిన్నదాని పేరు పొగకుదురు, మధ్యలో పంటలు పండేది నడిమిలంక, దానికి ఆవల వానకు చాటైనది చాటుమెట్ట, ఈశాన్యపు కొసన అన్నిటికన్నా ముసలిది గవ్వలదీవి. మొత్తం తొమ్మిది దీవులున్నా మొదట నాలుగింటికే పేర్లు పెట్టాను. కథ ఒకచోట అడుగు పెట్టేదాకా ఆ చోటుకు చరిత్ర రాయకపోవడం మంచిది.

గాలి పంచాంగం

దీవుల మధ్య దూరాన్ని ఆమడలలో గాని కిలోమీటర్లలో గాని రాసుకోవద్దు, ప్రయాణపు రోజుల్లో రాసుకోండి. తెరచాప పడవకు పోయే దూరం వేరు, వచ్చే దూరం వేరు. హిందూ మహాసముద్రంలో వర్తకులు శతాబ్దాల పాటు ఈ లెక్కతోనే బతికారు. నైరుతి ఋతుపవనంతో ఒకవైపు, ఈశాన్య ఋతుపవనంతో మరోవైపు ప్రయాణించి, గాలి తిరిగేదాకా పరాయి రేవులో నెలల తరబడి కాచుకున్నారు. ఆ కాచుకోవడం వల్లనే రేవుపట్టణాల్లో పరాయి భాషలూ, పరాయి గుడులూ, అక్కడే చేసుకున్న పెళ్ళిళ్ళూ పుట్టుకొచ్చాయి. ఇంకొక సంగతి కూడా గమనించాలి. గాలి అనుకూలమైన దిక్కుకు వీస్తున్నా, నైరుతి ఋతుపవనం ముమ్మరంగా ఉన్న నెలల్లో సముద్రం పడవను బతకనివ్వదు. పడమటి తీరపు రేవులు ఆ నెలల్లో మూతపడేవి. అంటే ఒక దిక్కుకు ప్రయాణం చేయగల రోజులు, ఋతువు మొదట కొన్ని వారాలు, చివర కొన్ని వారాలు మాత్రమే.

కాబట్టి మీ ప్రపంచానికి ఒక గాలి పంచాంగం తయారు చేసుకోండి. పన్నెండు నెలలు వరుసగా రాసి, ఏ నెలలో ఏ గాలి వీస్తుందో, ఏ నెలల్లో రేవులు మూసివేస్తారో, ఏ నెలలో తుపాను వస్తుందో ఒక పుటలో పట్టేటట్టు గుర్తు పెట్టుకుంటే చాలు. మా ద్వీపమాలలో జ్యేష్ఠమాసపు మొదటి గాలికి పొగకుదురు నుంచి గవ్వలదీవికి పన్నెండు రోజుల్లో చేరవచ్చు. అదే దారిన తిరిగి రావాలంటే కార్తీకం దాకా ఆగాలి. పండుగలూ, పెళ్ళి ముహూర్తాలూ, అప్పు వాయిదాలూ, యుద్ధాలూ ఈ పంచాంగం చుట్టూనే అల్లుకుంటాయి. నిషేధాలు కూడా ఇందులోనే పుడతాయి. మన తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను ప్రభుత్వం ఆపుతుంది; మీ లోకంలో అదే అవసరం ఒక జలదేవత మొక్కుగానో, వల ముట్టకూడని మైలగానో కనిపించవచ్చు. ఆచారం వెనుక ఇటువంటి బతుకు కారణం ఒకటి ఉందని మీకు తెలిస్తే చాలు, పాత్రలకు తెలియనక్కరలేదు. తుపాను విషయంలోనూ అంతే. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన దివిసీమలో పెద్దవాళ్ళు ఒక సంగతి ఎప్పటిదో చెప్పవలసి వస్తే ఉప్పెనకు ముందనో తరవాతనో లెక్క కడతారు. రాజుల వంశావళి కన్నా అటువంటి ఒక్క తారీఖు ద్వీపవాసుల చరిత్రను నమ్మదగినదిగా చేస్తుంది.

ఎత్తైన దీవిలో గాలి వానను కూడా పంచుతుంది, అదీ పక్షపాతంతో. కవాయిలోని వయాలెయాలె శిఖరం మీద ఏటా 9 మీటర్లకు మించిన వాన కురుస్తుంటే, దానికి ముప్పై కిలోమీటర్ల లోపే, కొండ చాటున ఉన్న పడమటి తీరంలో సుమారు అర మీటరు మాత్రమే పడుతుంది. ఒకే దీవిలో నాచు పట్టిన అడవీ, ముళ్ళపొదల మెట్టా ఉండవచ్చునని దీని అర్థం. ఒక దీవికి ఒకే వాతావరణం ఇవ్వడం కొత్త రచయితల పటాల్లో నాకు తరచు కనిపించే పొరపాటు.

మంచినీరు

ఈ మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం గడిపేది ఇక్కడే, పాఠకుడు ఎక్కువగా నమ్మేది కూడా ఇక్కడే. కొండా నదీ లేని పగడపు దీవిలో తాగేందుకు నీళ్ళు ఎక్కడివి? ఇసుకలోనూ పగడపు రాతిలోనూ ఇంకిన వాననీరు, బరువెక్కువైన ఉప్పునీటి మీద తేలుతూ, భూమి లోపల కటకం ఆకారంలో నిలుస్తుంది. ఆ మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన ఉంటే, కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరు ఉంటుందని శాస్త్రపు లెక్క. అయితే ఇదే లెక్క తిరగబడుతుంది కూడా. బావిని అతిగా తోడి పై మట్టాన్ని ఒక జానెడు తగ్గిస్తే, కిందినుంచి ఉప్పునీరు దానికి నలభై రెట్లు పైకి లేవాలని చూస్తుంది. ఒకసారి ఉప్పుబారిన బావి మళ్ళీ మంచినీళ్ళు ఇవ్వాలంటే ఎన్నో వానకాలాలు పడుతుంది. సముద్రపు ఒడ్డున ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు పట్టుకున్నవారికి ఇది చెప్పనక్కరలేదు, చెంబు తొందరపడితే నీళ్ళు ఉప్పగిల్లుతాయి.

దీన్నిబట్టి గవ్వలదీవిలో అధికారం ఎవరిదో ఆలోచించండి. కోట కట్టుకున్న రాజుకన్నా, ఏ ఇంటికి రోజుకు ఎన్ని కడవలో చెప్పే బావికాపరి పెద్దవాడు. కోడలిని తెచ్చుకునే ముందు ఆ ఇంటికి ఎన్ని కడవల వంతు ఉందని అడుగుతారు. నేరానికి శిక్ష వేయవలసివస్తే కొరడా అక్కరలేదు, వంతు తగ్గిస్తారు. వచ్చిన పడవలకు నీళ్ళు ఇవ్వడం ధర్మమా, వ్యాపారమా అన్న తగవు ఆ దీవిలో రెండు కులాలను పుట్టించగలదు. ఇదంతా మంత్రశక్తిని ఇంకా తాకకుండానే.

మంత్రశక్తికి ఒక చోటు, ఒక ధర

నేను మొదట గీసుకున్న పటంలో గరుడపక్షుల మీద ప్రయాణాన్ని పెట్టాను. అది రాసేటప్పుడు ఎంతో ఉత్సాహంగా ఉంది. మూడో అధ్యాయానికి వచ్చేసరికి పడవలన్నీ ఒడ్డున ఎండిపోయాయి, సరంగులకు పని లేకుండా పోయింది, దీవులన్నీ ఒకే ఊరి వీధుల్లా మారాయి. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. మంత్రం ఒక చోట మాత్రమే పుట్టాలి, ఋతువునుబట్టి హెచ్చుతగ్గులు ఉండాలి, దాన్ని మరో చోటికి మోయడానికి ప్రాణావసరమైనదేదో ఖర్చు కావాలి. మంచినీటికి ఉన్న లక్షణాలన్నీ దానికీ ఉంటే సరిపోతుంది.

మా ద్వీపమాలలో ఆ శక్తి పొగకుదురులో కొత్తగా గడ్డకట్టిన రాతిలో ఉంటుంది. దాన్ని అక్కడివాళ్ళు కాకరాయి అంటారు, కాక ఇంకా ఆరని రాయి కనుక. అరచేయంత ముక్కను నీళ్ళకుండలో వేసి తెరచాప మొదలు దగ్గర కట్టితే అది గాలిని తనవైపు లాగుతుంది; అంటే ఎదురుగాలి నెలల్లో కూడా పడవ నడుస్తుంది. అయితే ఉప్పునీరు దానికి గిట్టదు, సముద్రపు తేమ తగిలితే గంటల్లో కాక చల్లారి మామూలు రాయి అవుతుంది. అందుకని దాన్ని ఎప్పుడూ మంచినీటిలోనే ఉంచాలి, ఆ నీటిని అది ఆవిరిగా తాగేస్తూ ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఎనిమిదిమంది కళాసీలున్న పడవకు తాగడానికీ వండుకోవడానికీ రోజుకు రెండు కడవలు కావాలి, రాయి రోజుకు మూడు తాగుతుంది. పడవలో పట్టేవి నలభై కడవలు. రాయి లేకుండా అయితే ఇరవై రోజులు ప్రాణం నిలుస్తుంది కాని ఎదురుగాలిలో పడవ కదలదు. రాయితో అయితే గవ్వలదీవి నుంచి పొగకుదురుకు తొమ్మిది రోజుల ప్రయాణం, నీళ్ళు మాత్రం ఎనిమిది రోజులకే సరిపోతాయి. ఆ తొమ్మిదో రోజు కడవలకోసం దారిలో ఎక్కడో ఆగాలి. ఆగడానికి వీలున్న రేవు చాటుమెట్టలో ఉంది, అక్కడ వాన అరుదు. ఈ ఐదు కడవల లోటు నుంచి ఒక నవలను నడిపించవచ్చునని నా నమ్మకం. సరంగు అబద్ధమాడి ఒక కళాసీని తగ్గించుకుంటాడా, రాయిని సగం దారిలో నీళ్ళలోంచి తీసేస్తాడా, చాటుమెట్టవాళ్ళు దాచుకున్న వాననీటి తొట్టెను కొల్లగొడతాడా అన్నవి పాత్రల గుణాన్ని బయటపెట్టే ప్రశ్నలు.

దీవుల వయసును కూడా ఇందులో కలపండి. రాయి పాతబడేకొద్దీ కాక తగ్గుతుంది కనుక నడిమిలంకలో మంత్రం సన్నసెగగా మిగిలింది, విత్తనం త్వరగా మొలకెత్తడానికి తప్ప దేనికీ చాలదు. గవ్వలదీవిలో రాయి సముద్రం అడుక్కి కుంగిపోయింది, శక్తి ఏమాత్రం లేదు. కాని ఆ దీవి యౌవనంలో ఉన్నప్పటి మంత్రపాఠాలన్నీ అక్కడి ముసలివాళ్ళ నోట ఉన్నాయి. రాయి ఉన్నచోట దాన్ని ఎలా వాడాలో తెలియదు, తెలిసినచోట రాయి లేదు. ఈ రెండు చోట్ల మధ్య పన్నెండు రోజుల సముద్రం ఉంది. మీ ద్వీపమాలలో శక్తీ విద్యా ఒకే దీవిలో ఉంటే మిగిలిన దీవులకు కథలో పని ఉండదని గుర్తుంచుకోండి.

లోటు, వర్తకం, దండయాత్ర

ప్రతి దీవికీ ఏమి ఉందో రాసుకునే ముందు ఏమి లేదో రాసుకోవాలి. మాల్దీవుల్లో వరి పండదు. గవ్వలు మాత్రం కోట్లకొద్దీ దొరికేవి. ఆ గవ్వలు ఓడలకెక్కి బెంగాలుకు వెళ్ళి అక్కడ చిల్లర నాణెంగా చెల్లేవి, బదులుగా బియ్యం వచ్చేది. చేతిలో చిల్లిగవ్వ లేదని మనం ఇప్పటికీ అంటున్నామంటే ఆ వర్తకపు జాడ మన నోటిలో కూడా మిగిలి ఉన్నట్టే. మీ ద్వీపవాసుల సామెతల్లో ఇటువంటి పాత లెక్కలు రెండు మూడు దొర్లించండి, వివరణ ఇవ్వకండి.

ఒకేచోట దొరికే సరుకు ఆ చోటును ధనవంతం చేస్తుందని చాలామంది రాస్తారు. చరిత్ర అంత దయగా లేదు. జాజికాయా జాపత్రీ ఒకప్పుడు ప్రపంచం మొత్తానికి ఇండోనేషియాలోని చిన్న బాండా దీవుల నుంచే వెళ్ళేవి. కోరమాండల్ తీరపు నేతబట్టలు, మచిలీపట్నం వైపు నుంచి వెళ్ళినవి కూడా, ఆ సుగంధద్రవ్యాల దీవుల్లో మారకపు సరుకుగా చెల్లేవి, కాబట్టి ఈ కథలో మన సాలెవారి మగ్గానికీ వంతు ఉంది. 1621లో డచ్చి కంపెనీ ఆ దీవుల మీద పడి, అక్కడి జనంలో అత్యధికులను చంపడమో, చెరపట్టడమో, తరిమివేయడమో చేసి, తోటల్లో బానిసలను పెట్టింది. ఆ దీవుల్లోనే ఒకటైన చిన్న రన్ దీవి మీద హక్కును ఇంగ్లీషువారు 1667 ఒప్పందంలో డచ్చివారికి వదులుకున్నారు, ఇప్పటి న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ ఇంగ్లీషువారి చేతిలో మిగిలింది. కాకరాయి వంటి వస్తువును మీ పటంలో పెట్టగానే, దానికోసం బయటినుంచి ఎవరు వస్తారు, వాళ్ళకు ఏ నెలలో గాలి అనుకూలిస్తుంది, నీళ్ళు ఎక్కడ నింపుకుంటారు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం రాసుకోవాలి.

లాభం కోసం కాని ఇచ్చిపుచ్చుకోళ్ళకు కూడా చోటు ఉంచండి. న్యూగినీకి తూర్పున ట్రోబ్రియాండ్ దీవులవారు కులా అనే ఆచారంలో గవ్వల హారాలను ఒక దిశలోనూ, గవ్వల కంకణాలను దానికి ఎదురు దిశలోనూ దీవి నుంచి దీవికి తిప్పుతారు. ఎవరూ వాటిని శాశ్వతంగా ఉంచుకోరు. ఒక హారం ఎవరెవరి చేతులు మారిందన్నదే దాని విలువ. దేశాల మధ్య సంధిపత్రాలు లేని లోకంలో ఇటువంటి వలయం శాంతిని నిలబెడుతుంది. మీ కథలో ఎవరో ఒక హారాన్ని ఆపేసిన రోజున ఏమవుతుందో ఊహించండి.

జంతువుల గురించి క్లుప్తంగా చెబుతాను. దీవుల్లో తిండి తక్కువ, వేటాడేవి తక్కువ కనుక పెద్ద జంతువులు తరతరాలకు చిన్నబడతాయి, చిన్నవి పెద్దబడతాయి. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో ఒకప్పుడు పొట్టి ఏనుగుజాతీ, పెద్ద ఎలుకలూ, 2003లో ఎముకలు బయటపడిన మీటరెత్తు మనుషులూ ఉండేవారు. వెయ్యి తలల నాగును చిన్న దీవిలో పెట్టదలిస్తే అది రోజూ ఏమి తింటుందో ముందు చెప్పండి. సమాధానం లేకపోతే నాగును చిన్నది చేయండి, లేదా పదేళ్ళకోసారి మేల్కొనేటట్టు చేయండి.

దారి తెలిసినవారు

పటం ఉన్న లోకంలో సముద్రం చిన్నదవుతుంది. అందువల్ల మీ పాత్రల చేతికి పటం ఇవ్వకుండా, దారి తెలిసిన మనిషిని ఇవ్వమని నా సలహా. మార్షల్ దీవుల నావికులు కొబ్బరి ఈనెలను కట్టి, దీవులున్న చోట గవ్వలు గుచ్చి, అలలు దీవులను తాకి ఎలా వంగుతాయో చూపే ఈనెపటాలు చేసుకునేవారు. వాటిని పడవలోకి తీసుకువెళ్ళరు, ఒడ్డునే చదివి జ్ఞాపకంలో పెట్టుకుంటారు. కెరొలైన్ దీవుల నావికుల లెక్క ఇంకా విచిత్రమైనది. వాళ్ళ ఊహలో పడవ నిలిచి ఉంటుంది, దీవులే నక్షత్రాల కింద వెనక్కి జరుగుతూ పోతాయి. పక్కన ఉన్న ఒక దీవి ఏ నక్షత్రం కిందికి చేరిందో చూసుకుని ప్రయాణం ఎంత అయిందో చెబుతారు. ఆ సంప్రదాయానికి చెందిన సతవాల్ దీవి నావికుడు మావ్ పియాయిలుగ్ 1976లో హోకులేఅ అనే జంట పడవను హవాయి నుంచి తహితికి, దిక్సూచి గాని మరే పరికరం గాని లేకుండా నడిపించాడు.

ఇందులో కల్పనకు ఎంత చోటు ఉందో చూడండి. నావికుడి ఊహలో కదిలే దీవులు మీ లోకంలో నిజంగానే కదలవచ్చు. పర్వతాలకు ఒకప్పుడు రెక్కలుండేవనీ, ఇంద్రుడు వాటిని నరుకుతుంటే మైనాకుడు సముద్రంలో దాగాడనీ మనకు కథ ఉండనే ఉంది. రెక్క తెగని దీవి ఒకటి వరుసలో తిరుగుతూ ఉంటే, దాని దారిని జ్ఞాపకం పెట్టుకోవడం ఒక ఇంటివారి కులవిద్య కావచ్చు. ఆకాశాన్ని మాత్రం మీ జనం మాటల్లోనే చూపించండి. మన పల్లెల్లో కృత్తికలను పిల్లలకోడి అనేవారు, తెల్లవారే ముందు వేగుచుక్క కోసం చూసేవారు; పొగకుదురు పిల్లలు అవే చుక్కలను నిప్పురవ్వలని పిలవవచ్చు.

పేర్ల విషయంలో కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. కృష్ణా గోదావరి తీరాల్లో నాగాయలంక, ఎదురుమొండి, హంసలదీవి, ఓడలరేవు వంటి పేర్లను గమనిస్తే, నేల ఆకారమో, అక్కడ జరిగే పనో, ఎవరో చెప్పుకున్న కథో పేరులో నిలిచిపోయినట్టు తెలుస్తుంది. లంక, తిప్ప, దిబ్బ, మెరక, మొగ, రేవు అన్న మాటలకు ఒక్కొక్కదానికి వేరే అర్థం ఉంది, వాటిని నేలనుబట్టి వాడండి. నోరు తిరగని అక్షరాలను కుప్పపోసి పేరు తయారు చేయడం వల్ల దూరదేశపు గాలి రాదు. పేర్లు దూరం ప్రయాణించినప్పుడు తప్పుగా అర్థం కావడం కూడా సహజమే. గవ్వలదీవివాళ్ళకు కాక సంగతి తెలియక కాకరాయిని కాకిరాయి అనుకున్నారు, అందుకని వాళ్ళ తెరచాపల మీద కాకి బొమ్మ ఉంటుంది, శ్రాద్ధంలో కాకికి పిండం పెట్టి గాలి కోసం ప్రార్థిస్తారు. ఈ పొరపాటును కథలో ఎవరూ సరిదిద్దనక్కరలేదు.

చివరికి ఒక పరీక్ష పెట్టుకోండి. కథ మొదలుపెట్టే ముందు ఒక్క పడవకు ఒక ఏడాది దినచర్య రాయండి. కథానాయకుడు వద్దు, మామూలు సరంగు చాలు. ఏ నెలలో ఏ రేవులో ఉన్నాడు, ఏమి ఎక్కించాడు, ఏమి దించాడు, ఎన్ని కడవలు నింపుకున్నాడు, ఎవరికి బాకీ పడ్డాడు, గాలి కోసం ఎవరింట్లో కాచుకున్నాడు అన్నవి మాత్రమే నెలకు నాలుగైదు వాక్యాల చొప్పున రాస్తే మూడు నాలుగు పుటలు అవుతుంది. ఆ దినచర్యలో అతను ఒక్క నెల కూడా ఖాళీగా కూర్చోవలసి రాకపోతే దీవులు మరీ దగ్గరగా ఉన్నాయి, లేదా మంత్రం మరీ చవకగా ఉంది. రాయి తాగే నీళ్ళను ఒక కడవ పెంచి మళ్ళీ రాయండి. ఎనిమిది నెలలు ఒడ్డునే గడిపితే మధ్యలో ఒక చిన్న తిప్పను పెట్టి, దాని మీద ఒక చెలమ తవ్వండి.